ఖర్జూరం అని చెప్పాను

ఇది రాసి పెట్టాలి. నా మనసు తేలిక కావడానికే అయితే రాయనక్కర లేదు. ఇన్నేళ్లు మోసిన దాన్ని ఇంకొన్నేళ్లు మోసేదాన్ని. మోయడం అలవాటైంది. కానీ నేను చేసిన తప్పు నా నెత్తి మీద లేదు, సుజాత అనే ఒక మనిషి నెత్తి మీద ఉంది. ఆమె ఇంట్లో, ఆమె భర్త నోట, భర్త తరఫు చుట్టాల నోట "అత్త మొక్కు చెడగొట్టిన కోడలు" అనే మాటగా ఇవాళ్టికీ ఉంది. ఆ మాట అబద్ధమని తెలిసిన మనిషిని నేను. ఆమె దగ్గరికి వెళ్లి, ఆమె ఒక్కదానికే వినపడేట్టు నిజం చెప్పి వచ్చాను. అది చాలదని ఆమే అన్నది. అందుకే ఈ కాగితాలు.

నా పేరు రాయడం లేదు. పేరు దాచుకోవడం ఇంకో పిరికితనం కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. తెలియాల్సిన వాళ్లకు నేనెవరో మొదటి మాటతోనే తెలిసిపోతుంది. మిగతా వాళ్లకు నా పేరు కంటే నా పని తెలిస్తే చాలు.

మొదట నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తప్పుకు వేరు అక్కడే ఉంది. మాది మోత్కూరు దగ్గర పల్లె. ఏడో తరగతి దాకా చదివాను. పెళ్లయ్యాక మా ఆయన నర్సింహతో నాచారం వచ్చాను. ఆయన సీసాలకు మూతలు చేసే ఫ్యాక్టరీలో పనికి వెళ్లేవాడు. పగలంతా నాకు పని తక్కువ, ఆలోచన ఎక్కువ. ఒకరోజు ఉప్పల్‌లో గ్రంథాలయం ఉందని తెలిసింది. ఏడు సీట్ల ఆటో ఎక్కి వెళ్లి, గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. లోపల అందరూ మగవాళ్లే, పేపర్లు చదువుకుంటున్నారు. అక్కడ పనిచేసే యాదగిరన్న కిటికీ పక్కన ఒక కుర్చీ జరిపి, "కూసో చెల్లె, గీడ ఎవ్వలు ఏమనరు" అన్నాడు.

ఆ కుర్చీలో కూర్చొని నేను ఎన్నో చదివాను. కథలు చదివాను, చరిత్ర చదివాను, గుండె ఎట్లా కొట్టుకుంటుందో, పాలు ఎందుకు పెరుగవుతాయో చదివాను. చదివింది కడుపులో నిలవదు కదా. వాడలో మందు గోలీల అట్ట మీద ఏం రాసి ఉందో చదివి చెప్పాలన్నా, కరెంటు బిల్లులో ఏముందో చెప్పాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. "లైబ్రరీ పిల్ల" అనేవాళ్లు. ఆ మాట నాకు నగ లాంటిది. రోజూ పెట్టుకొని తిరిగేదాన్ని.

మేము కిరాయికి ఉన్న ఇల్లు సత్తెమ్మది. ముందు పోర్షన్‌లో ఆమె, కొడుకు శ్రీశైలం, కోడలు సుజాత, పాలపళ్లు ఊడని మనవరాలు. వెనక పోర్షన్‌లో మేము. సత్తెమ్మ భర్త రాజయ్య రైల్వేలో పనిచేసి, మేము రాకముందే పోయాడు. సత్తెమ్మ మనిషి పొట్టి, మాట పదును. ఆమె నాలిక గురించి వాడంతా చెప్పుకునేది. కూర ఇంత నోట్లో వేసుకొని, ఏ నూనెతో చేశారో, పోపులో ఆవాలు ముందు పడ్డాయో జీలకర్ర ముందు పడ్డదో చెప్పేది. "నా కండ్లు మోసం జేస్తయేమో గని నా నాలిక జెయ్యది" అనేది. ఏ ఇంట్లో ఏ వంట చేసినా ఒక గిన్నెడు ఆమె గడప దాటి వెళ్లాల్సిందే. ఆమె బాగుందంటే బాగున్నట్టు. నేను ఆమెను అత్తమ్మా అని పిలిచేదాన్ని, వాడలో అందరిలాగే.

భర్త పోయాక ఆమె కాశీకి వెళ్లి వచ్చింది. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనది ఏదో ఒకటి గంగలో వదిలి, మళ్లీ జన్మలో ముట్టరు. చాలామంది తెలివిగా కాకరకాయో ఇంకోటో వదులుతారు. సత్తెమ్మ ఆ సంగతి చెప్పి నవ్వేది. "మా బస్సుల ఒకామె వంకాయ ఇడిసింది. ఆమెకు ఒళ్లంత దురద, వంకాయ తినద్దని డాక్టరు ఎన్నడో జెప్పిండు. గంగమ్మకు ఎర్కలేదా గది?" అనేది. ఆమె మాత్రం అరటిపండు వదిలింది. ఎందుకు అరటిపండు అని ఎవరన్నా అడిగితే మాట మార్చేది. ప్రతి గురువారం రాజయ్య ఫొటో ముందు రెండు అరటిపండ్లు పెట్టేది. అవి రెండు మూడు రోజుల్లో మచ్చలు పడి మెత్తబడేవి. పారేయడం ఇష్టం లేక నాకిచ్చేది. "నువ్వు తిను బిడ్డా, నేను ముట్టద్దు" అనేది.

నేను ఆ కాలంలో ఏమనుకునేదాన్ని? పండుకు పాపం ఏంటి, అనుకునేదాన్ని. పుస్తకాలు చదివిన దాన్ని కదా. పండులో ఉన్న సత్తువ గురించి ఆమెకు ఒకసారి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. విన్నది. "అయితే నువ్వు తిను, సత్తువొస్తది" అన్నది.

ఇక అసలు సంగతి. వంట వెనక ఉన్న శాస్త్రం గురించి ఒక పుస్తకం దొరికింది. దాన్ని చూసి కుక్కర్లో ఇసుక పోసి కేకు చేశాను. అది గట్టిపడింది. అయినా అలవాటు ప్రకారం ఒక ముక్క సత్తెమ్మకు పంపాను. మర్నాడు నల్లాలో మంజీరా నీళ్లు వచ్చే వేళ, బిందెలు వరసగా పెట్టుకొని వాడలోని ఆడవాళ్లంతా ఉన్నప్పుడు ఆమె నన్ను పిలిచింది.

"బిడ్డా, నిన్న పంపితివి జూడు, గది తినెటిదా, తలుపు కొట్టుకోకుంట ఆనిచ్చెటిదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"పుస్తకంల జూసి జేసినవా? మరి పుస్తకానికే తినిపియ్యి" అన్నది.

ఇందులో ఏముంది, వాడలో ఇట్లాంటివి రోజూ ఉంటాయి, అనుకోవచ్చు. నేను అనుకోలేకపోయాను. ఆమె నా కేకును కాదు, నా కుర్చీని, ఆ కిటికీని, ఆ మధ్యాహ్నాలను ఎగతాళి చేసినట్టు తోచింది. ఆ పుస్తకంలోనే ఒక సంగతి ఉంది. బాగా మాగిన అరటిపండు గుజ్జును సన్నని మంట మీద చాలాసేపు ఉడికిస్తే దాని వాసన పోతుందని, రంగు మారి ఖర్జూరం లాగా అవుతుందని, ఇంకో తీపిలో కలిపితే చక్కెర తక్కువ పడుతుందని. చదివినప్పుడు మామూలుగా చదివాను. నీళ్ల దగ్గరి నుంచి బిందె ఎత్తుకొని వస్తుంటే అదే గుర్తొచ్చింది. మోసపోని నాలిక కదా. చూద్దాం.

ఆ వారం ఆమె ఫొటో ముందు నుంచి తీసి ఇచ్చిన రెండు పండ్లు, బండి మీద కొన్నవి ఇంకొన్ని. తోలు నల్లబడి, పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉన్నవి. చేత్తో పిసికితే పీచు మిగులుతుందని పలుచని బట్టలో వేసి వడగట్టాను. ఆమె గుడికి వెళ్లిన సమయం చూసుకొని పొయ్యి వెలిగించాను. మొదట్లోనే అరటిపండు వాసన గుప్పుమంటుంది, ఆ కాసేపు దాటితే చాలు. కిటికీ మూసి, సాంబ్రాణి వేశాను. నెయ్యిలో గుజ్జు తిప్పుతూ ఉంటే పసుపు రంగు బంగారు రంగైంది, తర్వాత ఇటుక రంగు, తర్వాత అచ్చం ఖర్జూరం. బెల్లం పాకం, వేయించిన గోధుమరవ్వ, యాలకులు, కొంచెం శొంఠి, చిటికెడు ఉప్పు. నేను రుచి చూశాను. నాకే అరటిపండు దొరకలేదు.

నా ఆలోచన ఏమిటో దాచకుండా చెప్తాను. ఆమె తిని బాగుందంటుంది. రేపు నీళ్ల దగ్గర, అందరి ముందు, "అత్తమ్మా, నీ నాలిక నిన్ను మోసం జేసింది, పుస్తకం గెలిచింది" అంటాను. ఆమె మొక్కు సంగతి గుర్తుకు రాలేదా? వచ్చింది. గుర్తొచ్చింది కాబట్టే ఆ పండును ఎంచుకున్నాను. గెలుపు పెద్దదవుతుందని.

గిన్నె తీసుకొని వెళ్లాను. ఆమె గడప మీద కూర్చొని బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఆమె కళ్లు మూసుకుంటే లెక్క కడుతున్నదని అర్థం.

"నెయ్యి. పాత బెల్లం. శొంఠి," అన్నది. "ఇంకోటి ఏం గలిపినవ్?"

"ఖర్జూరం అత్తమ్మా."

"ఖర్జూరమా?" ఇంకో చెంచా తిన్నది. తర్వాత కళ్లు తెరిచి, నా వైపు కాకుండా లోపల గోడ మీది ఫొటో వైపు చూసింది.

"ఏందో బిడ్డా, ఇది తింటుంటే మీ మామ యాదికొచ్చిండు. ఎందుకో ఏమో. డ్యూటీ దిగి గట్ల గేట్ల నిలవడ్డట్టే ఉన్నది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మస్తుగున్నది. మల్ల జెయ్."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ క్షణాన చెప్తే తిట్టేది, ఏడ్చేది, ఇల్లు ఖాళీ చేయమనేదేమో. కానీ తప్పు అక్కడితో ఆగేది. నేను గెలిచాను, కానీ గెలుపు నోట్లోంచి బయటికి రాలేదు. ఒక ముసలామె తన మొగుణ్ణి గంగలో వదిలిన పండులో దాచుకుంటే, నేను ఆ పండును దొంగతనంగా ఆమె నోట్లో పెట్టాను. అది తెలిసి కూడా తల ఊపి ఇంటికొచ్చాను.

దానికంటే సిగ్గైనది ఇంకొకటి ఉంది. మళ్లీ చేశాను. ఆమె అడిగినప్పుడల్లా చేశాను. నీళ్ల దగ్గర అందరి ముందు ఆమె, "గీ పిల్ల జేసిన హల్వా తినాలె, ఇంకేం తిన్నట్టు" అంటుంటే నా చెవులు చల్లబడేవి. ఆమెకు భర్త గుర్తొస్తున్నాడు కదా, సంతోషమే కదా, అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది దయ అనుకున్నాను. పొగడ్త కోసం చేసేదాన్ని దయ అని పిలవడం ఏ పుస్తకంలో నేర్చుకున్నానో తెలియదు.

పెత్రామాస వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే రోజు, పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు, పండ్లు ఇచ్చే రోజు. రాజయ్య పేరు మీద బియ్యం ఇస్తున్నారు. మౌలాలి నుంచి ఆయన చెల్లెలు బాలమణమ్మ వస్తున్నది. ఆ రోజు వంట ఇంటి కోడలే చేయాలని సత్తెమ్మ పట్టు. హల్వా కూడా కావాలన్నది. "ఆయనకు పెట్టాలె" అన్నది.

ముందు రోజు సుజాత నా దగ్గరికి వచ్చింది. నాకంటే చిన్నది. మెల్లగా మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడు కొంగు అంచు వేలికి చుట్టుకుంటుంది. "అక్కా, హల్వా ఎట్ల జేస్తవో జెప్పవా? నేను జేస్తే అత్తమ్మకు నచ్చాలె గదా" అన్నది. అత్త మెప్పు కోసం ఆ పిల్ల ఎంత కష్టపడేదో నేను చూశాను. ఆమె పప్పులో ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువయ్యేది.

నేను ఇరుక్కున్నాను. నిజం చెప్తే గుట్టు బయటపడుతుంది. ఖర్జూరం వేయమంటే రుచి మారుతుంది, సత్తెమ్మకు అనుమానం వస్తుంది. అందుకని గుజ్జు నేనే ఉడికించి, స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చాను. "ఇది ఖర్జూరం ముద్ద. రవ్వలో కలుపు, చాలు" అన్నాను. ఆమె డబ్బా రెండు చేతులతో పట్టుకొని, "నువ్వు లేకుంటే నా గతేమయితుండెనో అక్కా" అన్నది.

మధ్యాహ్నం అయ్యగారు వచ్చి బియ్యం అందుకొని, పండ్లు కూరగాయలు తర్వాత పట్టుకుపోతానని చెప్పి పక్కింటికి వెళ్లాడు. అందరూ భోజనాలకు కూర్చున్నారు. నేను మా గుమ్మంలో పూలు తుంచుతున్నాను, సాయంత్రం బతుకమ్మ పేర్చాలి. బాలమణమ్మ మాట అక్కడికి స్పష్టంగా వినపడింది. ఆమెకు రుచుల లెక్కలేమీ రావు. పెట్టింది తినే మనిషి.

"వదినా, నువ్వు కాశీల ఇడిసింది అరటిపండు గాదా? మరి గిదేంది?"

"ఖర్జూరం."

"ఖర్జూరం యాడిది? మాగిన అరటిపండు ఇది. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు చేతిల అరటిపండ్లు లేకుంట మా అన్న ఇంట్ల అడుగు పెట్టెటోడా? ఒకటి ఒలిచి సగం నీకు, సగం నాకు పెట్టెటోడు. గవి తినుకుంట పెరిగిన, నాకెర్కలేదా?"

నా చేతిలో గునుగు పూలు అట్లాగే ఉన్నాయి. సుజాత గొంతు వినపడింది. "అక్క ఇచ్చిన ముద్దనే కలిపిన అత్తమ్మా. ఖర్జూరం ముద్ద అన్నది."

నన్ను పిలిచారు. వెళ్లాను. సత్తెమ్మ విస్తరి ముందు నుంచి లేవలేదు. చెయ్యి గాలిలో ఉంది, వేళ్లకు హల్వా అంటుకొని ఉంది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. శ్రీశైలం గోడకు ఆనుకొని నిలబడ్డాడు. సుజాత చేతిలో నీళ్ల చెంబు.

"బిడ్డా, డబ్బాల ఏమిచ్చినవ్?"

"ఖర్జూరమే అత్తమ్మా."

"ఒక్క ఖర్జూరమేనా?"

"ఒక్క ఖర్జూరమే. తర్వాత ఏం గలిసిందో నాకెట్ల తెలుస్తది?"

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. దాన్ని నేనే చేర్చాను. నేను తప్పించుకోవడానికి మొదటి మాట చాలు. సుజాతను ముంచడానికే చివరి మాట. ముందు ఆలోచించుకొని అన్నానా? లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఇల్లు ఖాళీ చేయమంటారని భయపడ్డానా? అది కొంత. నాలుగు అక్షరాలు చదివిన మనిషి, అందరూ అట్టలు తెచ్చి చదివించుకునే మనిషి, ఇంత నీచం చేసిందంటే వాడలో తల ఎట్లా ఎత్తుకోను? అది చాలా ఎక్కువ. అది దాదాపు అంతా.

బాలమణమ్మ చూపు అయ్యగారి కోసం పెట్టిన పళ్లెం మీద పడింది. పండ్లు తెచ్చింది డజను. రెండు తక్కువున్నాయి.

"పాప తిన్నదేమో," అన్నది సుజాత. పాపను పిలిచారు. బియ్యం ఇచ్చేదాకా పండ్లు ముట్టొద్దని ఆ పిల్లను పొద్దున గట్టిగా బెదిరించారు. అందరి మొహాలు చూసి, "నేను తినలే" అన్నది. ఆ రోజు ఆ ఇంట్లో ఇద్దరం అబద్ధం చెప్పాం. ఒకరు చిన్నపిల్ల.

సత్తెమ్మ లేచి నల్లా దగ్గరికి వెళ్లి నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. ఆగదేమో అనిపించింది. లోపలికి వచ్చి కోడలితో ఒకే మాట అన్నది. అరవలేదు.

"నా మీద కోపముంటే నన్ను తిట్టరాదు బిడ్డా. ఆయన మీద ఎందుకు పెడితివి?"

సుజాత నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. సాయంత్రం వాడంతా బతుకమ్మ ఆడింది. చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతుంటే, ఒక చెవి నుంచి ఇంకో చెవికి మాట కూడా గుండ్రంగా తిరిగింది. నేనూ చప్పట్లు కొట్టాను. సుజాత బయటికి రాలేదు.

ఆ తర్వాత సత్తెమ్మ కోడలి చేతి నీళ్లు కూడా తాగలేదు. ఒకే ఇంట్లో పొయ్యి రెండైంది. దసరా వెళ్లాక శ్రీశైలం భార్యను, పిల్లను తీసుకొని ఘట్‌కేసర్ వెళ్లిపోయాడు. వెళ్లే రోజు పొద్దున, సామాను బండిలోకి ఎక్కిస్తుంటే, సుజాత నా స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చింది. తళతళలాడేట్టు తోమింది. బరువుగా ఉంది.

"ఖాళీ గిన్నె ఇయ్యద్దంటరు గదా అక్కా," అన్నది. వెళ్లిపోయింది.

మూత తీశాను. నిండా ఖర్జూరాలు.

నేను ఆడిన అబద్ధాన్ని ఆమె కడిగి, నింపి, నా చేతికే ఇచ్చింది. వెనక పరుగెత్తి ఉండవచ్చు. బండి ఇంకా వాడ మలుపు దాటలేదు. నేను మూత పెట్టాను.

ఆ ఖర్జూరాలు ఏం చేశానని మీరు అడగవచ్చు. తినలేదు, పారేయలేదు. పురుగు పట్టేదాకా అట్లాగే ఉన్నాయి.

తర్వాత ఏం జరిగిందో చెప్తే మీరు నమ్మరు. సత్తెమ్మ ఒంటరిదైంది. "ఇంత బువ్వ నువ్వే పెట్టు బిడ్డా. నీ చేతి మీద నమ్మకమున్నది" అన్నది. పోయేదాకా నా చేతి అన్నమే తిన్నది. హల్వా మళ్లీ అడగలేదు. గురువారాలు ఒక్క పొద్దులు పట్టింది. మళ్లీ కాశీకి పోయి గంగమ్మకు చెప్పుకొని వస్తానన్నది, మోకాళ్లు సాగనివ్వలేదు. నేను కంచం పెట్టి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆమె ముద్ద కలుపుతుంటే చెప్పేద్దామనుకునేదాన్ని. నోట్లో ముద్ద ఉండగా ఎట్లా చెప్పను, తిన్నాక చెప్తాను, అనుకునేదాన్ని. తిన్నాక ఆమె చెయ్యి కడుక్కొని నా తల నిమిరేది. ఆ చెయ్యి నా తల మీద ఉండగా ఎట్లా చెప్పను?

ఒక్కోసారి ఇంకో ఆలోచన వస్తుంది. పోపులో ఆవాల వరస చెప్పగలిగిన నాలిక, రోజూ మొగుడు తెచ్చి తినిపించిన పండును గుర్తుపట్టలేదా? మొదటి చెంచాకే తెలిసి, తెలిసీ తిన్నదా? బాలమణమ్మ అందరి ముందు అనేసరికి ఆమె కూడా నాలాగే సుజాత చాటున దాక్కున్నదా? చాలా రోజులు ఈ ఆలోచనను పట్టుకొని వేలాడాను. ఇప్పుడు వదిలేశాను. అది నిజం కాదని తెలిసి కాదు. అది నాకు మరీ సుఖంగా ఉంది, అందుకని. చనిపోయిన మనిషి మీద సగం తప్పు వేస్తే ఆమె లేచి కాదనదు. బతికి ఉన్న మనిషి మీద ఒకసారి వేసి చూశాను కదా.

సత్తెమ్మ పోయినప్పుడు సుజాత వచ్చింది. శవం కాళ్ల దగ్గర కూర్చుంటే బాలమణమ్మ పక్కకు జరగమన్నది. జరిగింది. నేను అప్పుడు కూడా ఏమీ అనలేదు.

మేము తర్వాత ఉప్పల్‌కు మారాం. రాష్ట్రం వచ్చింది. నిన్నమొన్నటి సంగతి, ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాల కింద బస్సు కోసం నిలబడితే శ్రీశైలం కనిపించాడు. పక్కన సుజాత, పెద్దదైన పాప. కుశల ప్రశ్నలయ్యాయి. అక్కడ ఒక బండి మీద అరటిపండ్లున్నాయి. పాప నవ్వుతూ తల్లిని మోచేత్తో పొడిచి, "మమ్మీ, కొంటవా? నానమ్మకు పెట్టినట్టు మాకు పెడ్తవా?" అన్నది. శ్రీశైలం నవ్వలేదు. "అమ్మ ఉసురు ఊకె పోతదా" అని నాతో అన్నాడు, నేను ఒప్పుకుంటానన్నట్టు. సుజాత కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

ఆ రోజు రెండు పండ్లు తిన్న పిల్ల ఆమె. ఆమెకు గుర్తులేదు. నా అబద్ధం ఆ పిల్లకు ఇంటి కథ అయింది. రేపు ఆమె పిల్లలకు చెప్తుంది.

ఇంటికెళ్లి నర్సింహకు చెప్పాను, మొత్తం. ఆయన విని, "నాకెందుకు జెప్తున్నవ్? ఆమెకు జెప్పినవా?" అన్నాడు. మర్నాడు ఘట్‌కేసర్ వెళ్లాను. సుజాత ఒక్కతే ఉంది. చెప్పాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూనే ఉంది.

"నాకెర్కే అక్కా. గా దినమే ఎర్క. నాకు జెప్పి ఏం ఫాయిదా? నీ పానం తేలికయితది. నన్ను అనెటోళ్లు గాడ ఉన్నరు, ఆళ్లకు జెప్పు."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. చాయ్ పెట్టింది, తాగాను. గేటు దాకా వచ్చింది, అంతే.

అందుకని రాశాను. వచ్చే ఆదివారం మౌలాలిలో బాలమణమ్మ ఇంట్లో అందరూ కలుస్తారట. బాలమణమ్మకు చదువు రాదు. నేనే వెళ్లి, శ్రీశైలం ముందు, పాప ముందు, సుజాత ముందు దీన్ని మొదటి నుంచి చదివి వినిపిస్తాను. ఇన్నేళ్లు చదువు చదువు అని తిరిగాను, దానితో ఇదొక్క పని చేస్తాను. తర్వాత వాళ్లు ఏమన్నా వింటాను. ఏమీ అనకపోయినా వింటాను.

చివరగా కృతజ్ఞతలు. కిటికీ పక్కన కుర్చీ వేసిన యాదగిరన్నకు. ఆ కుర్చీ తప్పేమీ లేదు. ఆమెకు చెప్పావా అని అడిగిన నర్సింహకు. తెలిసీ ఆ రోజు తర్వాత ఇన్నేళ్లు నా పేరు ఎత్తని సుజాతకు; ఆ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, ఈసారి ఖాళీగా తీసుకురాను. నన్ను నమ్మి తిన్న సత్తెమ్మ అత్తమ్మకు. తెలియకుండానే నన్ను కదిలించిన పాపకు. బిడ్డా, ఆ రెండు పండ్లు నువ్వే తిన్నావు, భయపడి చెప్పలేదు, నీ తప్పేం లేదు. అందరికంటే ఎక్కువ బాలమణమ్మకు, ఒక్క చెంచాతో నిజం చెప్పినందుకు. నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యమైంది. ఖర్జూరం కాదు బాలమణమ్మా. అరటిపండే. కలిపింది నేను.